అరవై దాటినోళ్లను తీసేసిన తీర్మానం నేనే రాసినాను

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చింతపండు యూనిట్ తరఫున చేసిన ప్రసంగం)

అవ్వా, అక్కడ ఫ్యాను తిరగడం లేదు, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, ఇటు రండి. ఈ రోజు నేను మాట్లాడేది మీ గురించే.

మా యూనిట్ లెక్కలు చదవమని నన్ను పిలిచినారు. కొన్న కాయ ఎంత, అమ్మిన పండు ఎంత, బ్యాంకు లింకేజీ కంతులు ఎన్ని కట్టినాము, అన్నీ ఈ పుస్తకంలో వేరే పేజీలో అచ్చు వేసినారు. అవి చదివి మీ టైము తినను. ఆ లెక్కల వెనక జరిగిన ఒక సంగతి చెప్తాను. దాంట్లో తప్పు నాది కూడా ఉంది.

మాది హిందూపురం వైపు పల్లె. మా దగ్గర సంక్రాంతి దాటితే చింతచెట్లు దులపడం మొదలవుతుంది. కాయ ఎండబెట్టి, పెంకు తీసి, గింజ తీసి, ఈనెలు లాగి, పండు హిందూపురం మార్కెట్‌కు తోలుతాము. 14 మంది కలిసి ఒక షెడ్డు అద్దెకు తీసుకుని ఈ పని పెట్టుకున్నాము. రెండో ఏడాదికే షెడ్డులో చోటు కోసం పోటీ వచ్చింది. ఇంట్లో ఖాళీగా ఉన్న కోడళ్లు, ఇంటర్ చదివి ఊరికే ఉన్న పిల్లలు, అందరూ ‘మాకూ పని ఇప్పియ్యి’ అని నన్ను అడిగినారు. అప్పటికి రోజు కూలి అందరికీ ఒకటే. పాతికేళ్ల అమ్మాయి సాయంత్రానికి ఒలిచే పండు ఎక్కువ, అరవై దాటిన అవ్వ ఒలిచేది తక్కువ. ‘ఆమెకూ అంతే, నాకూ అంతేనా?’ అని ఒకరిద్దరు మొహం మీదే అడిగినారు.

2024 జనవరిలో మీటింగు పెట్టినాము. అరవై నిండినవాళ్లు యూనిట్ పనికి రాకూడదు, వాళ్ల జాగాలో వాళ్ల ఇంటి నుంచే ఇంకొకరిని తీసుకోవాలి అని తీర్మానం చేసినాము. సంఘంలో సభ్యత్వం తీసేయలేదు, పొదుపు వాళ్లే కట్టుకోవచ్చు. పని మాత్రం లేదు. తీర్మానం పుస్తకంలో రాసింది నేనే. టెన్త్ వరకు చదివినదాన్ని కాబట్టి ఊర్లో రాసే పనంతా నా నెత్తినే పడుతుంది. ‘వయసు పైబడినందున విశ్రాంతి నిమిత్తం’ అని రాసినాను. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నానో గుర్తు లేదు. బాగానే ఉంటుందనుకుని రాసినాను.

ఐదు మంది పోయినారు. అందులో ఒకామె మా అత్తకు అక్క, నాకు పెద్దత్త. ఈ మండలంలో పొదుపు మొదలైనప్పుడు, రోజుకు రూపాయి అని దాచిపెట్టే కాలంలో, మా ఊరి మొదటి సంఘంలో ఉన్న మనిషి. మొగుడు తిట్టినా మీటింగు మానలేదు. రాత్రి బడికి పోయి పేరు రాయడం నేర్చుకుంది. ఆ రోజు పుస్తకం ఆమె ముందుకు పోయింది. ఆమెను తీసేసే తీర్మానం మీద ఆమె సంతకం కూడా కావాలి కదా, కోరమ్ చాలాలి. ఆమె పెన్ను గట్టిగా పట్టుకుని, ఒక్కొక్క అక్షరం దిద్దుతా సంతకం పెట్టింది. ఏమీ అనలేదు. నేను కూడా ఏమీ అనలేదు. పుస్తకం తీసుకుని పక్కామెకు ఇచ్చినాను.

ఇంక ఆ సీజను సంగతి వినండి. పని జోరుగా సాగింది. నెలకు ఒలిచిన బస్తాలు ముందు ఏటికంటే ఎక్కువే. మేము సంతోషంగా లారీలో ఎక్కించి హిందూపురం తోలినాము. అక్కడ కొనే ఆయన బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, వెలుతురులో చూసి, ‘ఇది ఫ్లవర్ సరుకమ్మా’ అన్నాడు.

చింతపండు పని తెలియని అక్కల కోసం చెప్తాను. హిందూపురం మార్కెట్‌లో పండు రెండు రకాలుగా అమ్ముడుపోతుంది. కరిపులి అని, ఫ్లవర్ అని. పేపర్లో రోజూ ధరలు వేస్తారు చూడండి, కరిపులి ఎప్పుడూ పైనే ఉంటుంది. పండు నలగకుండా, రూపు చెడకుండా, గింజ ముక్క గానీ పెంకు ముక్క గానీ మిగలకుండా తీస్తేనే మంచి ధర. సుత్తితో గబగబా కొట్టి తీస్తే పండు విచ్చుకుపోతుంది, ధర దిగిపోతుంది. మా కాయ మంచి కాయే. చెట్టు మారలేదు, ఊరు మారలేదు. చేతులు మారినాయి.

ఇంకొకటి కూడా జరిగింది. దాచిపెట్టిన బస్తాల్లో కొన్ని నల్లబడినాయి. పండు సరిగా ఆరకముందే తొక్కి బస్తాకు ఎత్తినారు. ముందు ఏళ్లలో ఏ బస్తా కుట్టాలన్నా పెద్దత్త పండును గుప్పిట్లో నొక్కి, వాసన చూసి, ‘ఇంకొక ఎండ కావాల’ అనేది. మేము విసుక్కునేవాళ్లం, ఈ ముసలామె ఒకటి, లారీ వచ్చి నిలబడితే ఇంకొక ఎండంట అని. ఆమె చేసేది పని అని మాకు తోచలేదు. ఎందుకంటే అది తూకంలో పడదు.

సరుకు ఎక్కువ, డబ్బు తక్కువ. ఆ ఏడాది లాభం పంచుకున్న రోజు షెడ్డులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

ఆ ఐదుగురు ఏమైనారో కూడా చెప్పాలి. ‘విశ్రాంతి’ అని రాసినాను కదా. ఒకామె పక్క ఊర్లో ప్రైవేటు షెడ్డుకు పోయి, మేమిచ్చే దానికంటే తక్కువకు అదే చింతపండు ఒలిచింది. ఇంకొకామె బెంగళూరు పోయింది. కొడుకు అక్కడ బిల్డింగు పనిలో ఉన్నాడు, ఆ సైటులోనే రేకుల గుడిసెలో ఉండి మనవళ్లను చూసుకుంది. ఒకామె విత్తనం చెనక్కాయలు ఒలిచేదానికి పోయింది. మిషనుకు వేస్తే పప్పు పగులుతుంది, విత్తనానికి పనికిరాదు, అందుకని విత్తనం కాయ చేత్తోనే ఒలిపిస్తారు. అది కూడా ముసలోళ్ల పనే మా దగ్గర. ఒకామె కోడలి జాగాలో ఇంటి పనంతా నెత్తిన వేసుకుంది, కోడలు షెడ్డుకు వస్తోంది కదా మరి. బర్రెలు, పేడ, నీళ్లు, చంటిబిడ్డ. అంటే పని ఎవరికీ తగ్గలేదు. కూలి ఒకటే పోయింది. మా పెద్దత్త మాత్రం ఇంట్లోనే ఉంది. ఆమెను చూసేదానికి నేను ఆ నాలుగు నెలలూ వాళ్ల వీధికి పోలేదు.

‘పింఛను వస్తుంది కదా, ఇంకా పని ఎందుకు?’ అని మీలో కొందరికి అనిపిస్తుంది. మాకూ అనిపించింది. అప్పట్లో 3,000, 2024 జూలై నుంచి 4,000 వస్తోంది. పెద్ద ఆసరానే, కాదనను. కానీ ఆ డబ్బు ఎవరి చేతికి పోతుందో మీ ఇండ్లలో చూసుకోండి. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు పోను మిగిలింది మనవడి ఫీజుకు, కొడుకు ఫోన్ రీచార్జికి. పని చేసి తెచ్చుకున్న కూలి మీద ఉండే హక్కు వేరే. మా పెద్దత్తే ఒకసారి అనింది: ‘పింఛనొస్తే ఇంట్లో అందరికీ లెక్క తెలుస్తాది. కూలి డబ్బు నా కొంగులో ఉంటాది.’

ఉద్యోగస్తుల సంగతి చూడండి. మన రాష్ట్రంలో 1983లో వాళ్ల రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కు తగ్గిస్తే పెద్ద సమ్మె జరిగింది. తర్వాత మళ్లీ 58 అయింది. 2014లో 60 చేసినారు. 2022 జనవరిలో 62 చేసినారు. అనుభవం ఉన్నవాళ్లు ఇంకా కొన్నాళ్లు పనికి వస్తారు అని చెప్పే కదా పెంచింది. మంచిదే. ఆఫీసులో కూర్చున్న ఆయన అనుభవం 62 దాకా పనికి వచ్చినప్పుడు, పండు నొక్కి చూసి తడి చెప్పే ఆమె అనుభవం 60కే ఎట్ల అయిపోయింది? ఉపాధి హామీ చట్టంలో కూడా 18 నిండాలి అని ఉంది గానీ ఇంత దాటితే పని ఇవ్వకూడదు అని లేదు. ప్రభుత్వం పెట్టని గీత మేమే గీసుకున్నాము.

ఆ గీతకు ఆధారం ఏమి? ఆధార్ కార్డు. నవ్వొద్దు అక్కా. మా ఊర్లో ముసలోళ్లు సగం మంది జనవరి ఒకటో తేదీనే పుట్టినారు, కార్డులో. పుట్టిన తేదీ తెలియదంటే ఏడాది అంచనాకు రాసి జనవరి ఒకటి వేసినారు. మేము తీసేసిన ఐదుగురిలో ఒకామె పెద్దకొడుకు నాకంటే చిన్నవాడు, నాకు 36. ఆమెకు కార్డులో 63. ఇంకొకామె కార్డు ప్రకారం 57, ఆమె పెండ్లికి నేను తీసేసిన ఒకామె చంకన బిడ్డతో పోయిందంట. ఎవరు పెద్ద, ఎవరు చిన్న? కార్డు చూసి మనిషి బలం చెప్పేదానికి కాదు.

ఆ తర్వాత మాకు ఒక ట్రైనింగు జరిగింది. వచ్చిన మేడమ్ ఒక సంగతి చెప్పింది. జర్మనీ దేశంలో డింగోల్ఫింగ్ అనే ఊర్లో బీఎండబ్ల్యూ కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2007లో వాళ్లకు మన సమస్యే వచ్చింది. పనివాళ్ల వయసు పెరుగుతోంది, ఏం చేయాలి అని. వాళ్లు తీసేయలేదు. ఒక లైనులో 42 మందిని, సగటు వయసు 47 ఉండేట్టు పెట్టి, ‘మీకు ఎక్కడ నొప్పి, ఏది మారిస్తే బాగుంటుంది’ అని వాళ్లనే అడిగినారు. సిమెంటు నేల మీద నిలబడితే మోకాళ్లు లాగుతున్నాయంటే చెక్క నేల వేసినారు. కూర్చుని చేసేదానికి కుర్చీలు పెట్టినారు. చిన్న భాగాలు కనిపించేదానికి భూతద్దాలు పెట్టినారు. ఇట్లాంటివి 70 చిన్న చిన్న మార్పులు. ఏడాదికి ఆ లైనులో పని తగ్గకపోగా 7 శాతం పెరిగింది.

నేను విని, కార్ల ఫ్యాక్టరీకి మాకు ఏం సంబంధం అనుకున్నాను మొదట. బస్సులో ఇంటికి వస్తా ఉంటే ఒకటే మాట తిరిగింది. వాళ్లు అడిగినారు. మేము అడగలేదు. ‘నీకు చేతనవుతుందా?’ అని కూడా అడగలేదు, కార్డు చూసినాము అంతే.

2025 సీజనుకు ముందు నేను, మా కోశాధికారి ఇద్దరం ఐదు ఇండ్లకూ పోయినాము. మొదట పెద్దత్త ఇంటికి. ఆమె చాప వేసింది, మజ్జిగ ఇచ్చింది. పనికి రమ్మని అడిగేదానికి నాకు నోరు రాలేదు. కోశాధికారే మొదలుపెట్టింది. పెద్దత్త విని, ‘సంతకం పెట్టించుకున్నారు కదమ్మా, కొట్టేసి రాండి, అప్పుడు చూస్తా’ అనింది. న్యాయమే కదా. ఆ వారమే మీటింగు పెట్టి పాత తీర్మానం రద్దు చేసినాము. అది అంత సులభంగా కాలేదు, ఆ కథ కొంచెం ఆగి చెప్తాను.

ముందు వాళ్లు చెప్పిన కష్టాలు చెప్తాను. ఇవి మీ యూనిట్లలో కూడా ఉంటాయి, అప్పడాలైనా, పచ్చళ్లైనా, విస్తరాకులైనా.

అందరూ చెప్పింది మోకాళ్లు. నేల మీద బాసిపట్లు వేసుకుని పొద్దంతా కూర్చోవడం కావడం లేదు. కూర్చుంటే లేవలేరు, లేస్తే కూర్చోలేరు. మేము ఊరి వడ్రంగి చేత నడుము ఎత్తుకు తగ్గట్టు రెండు పొడుగు బల్లలు, వీపు ఆనుకునే బెంచీలు చేయించినాము. మిగతావాళ్లు చూసి మాకూ కావాలన్నారు. ఇప్పుడు పాతికేళ్ల పిల్ల కూడా బల్ల దగ్గరే కూర్చుంటుంది, నేల మీద ఎవరూ లేరు. కాన్పు అయిన అమ్మాయికి ఎంత హాయి అయిందో ఆమెనే అడగండి.

రెండోది కండ్లు. గింజ ముక్కలు మిగిలేది చేతగాక కాదు, కనపడక. ఇద్దరికి శుక్లం ముదిరింది. ఉచిత కంటి శిబిరంలో ఒకామెకు ఆపరేషన్ అయింది, ఇంకొకామె భయపడి పోలేదు, ఇంకా పోలేదు. మిగిలినవాళ్లకు దగ్గరి చూపు అద్దాలు చాలినాయి. మంచి ట్యూబులైటు రెండు వేయించి, తలుపు దగ్గర వెలుతురు జాగా వాళ్లకు ఇచ్చినాము.

మూడోది బస్తా. దాన్ని ఎత్తేది, జరిపేది వాళ్ల పని కాదు అని తేల్చేసినాము. బలం ఉన్నవాళ్లు ఎత్తుతారు. అంతే, దీనికి చర్చ ఎందుకు?

నాలుగోది చెప్పుకునేదానికి సిగ్గుపడినారు. షెడ్డు దగ్గర మరుగుదొడ్డి లేదు. వయసులో ఉన్నోళ్లం మేము దూరంగా పోయి వస్తాము, లేకపోతే ఓర్చుకుంటాము. వాళ్లు ఓర్చుకోలేరు, అందుకని పొద్దున నుంచి నీళ్లు తాగకుండా వచ్చేవాళ్లంట. ఎండాకాలం, చింతపండు ఘాటు, నీళ్లు తాగకుండా! ఒకామె ముందు ఏడు షెడ్డులో తల తిరిగి పడింది, వయసు వల్ల అనుకున్నాము. తీర్మానానికి అది కూడా ఒక కారణమే మాకు. షెడ్డు యజమానితో మాట్లాడి, అద్దెలో కొంత పట్టుకునేట్టు ఒప్పించి, మరుగుదొడ్డి కట్టించినాము. ఈ నాలుగింటిలో నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. మేము అందరం ఆడవాళ్లమే, ఆడవాళ్ల యూనిటే, అయినా ఈ సంగతి రెండేళ్లు ఎవరూ పైకి చెప్పలేదు.

టైము సంగతి కూడా ఉంది. పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా వాళ్లు వస్తామన్నారు. సంగటి కెలికి, మనవళ్లను బడికి పంపే కోడలు తొమ్మిదికి వస్తుంది. ఒక ఇంట్లో అత్త వచ్చేసరికి కోడలు పోతుంది. ఇట్ల చేస్తే ఇద్దరికీ పని దొరికింది, జాగా కూడా చాలింది. ముందు ఈ ఆలోచన వచ్చి ఉంటే ఆ తీర్మానం అవసరమే ఉండేది కాదు.

ఇప్పుడు గొడవ సంగతి. పాత తీర్మానం రద్దు అనగానే, రోజు కూలి ఒకటే అయితే మేము ఒప్పుకోము అని చిన్నవాళ్లు లేచినారు. వాళ్లది కూడా తప్పు కాదు. ఒకామె నన్ను అడిగింది, ‘అక్కా, జాలికి కూలి ఇస్తామా? ఇస్తే మన లాభంలో నుంచి ఇస్తామని రాయండి, పనికి ఇస్తున్నామని రాయకండి.’ ఆ మాట నాకు గుచ్చుకుంది, కానీ అది మంచి ప్రశ్నే. రెండు మీటింగులు పట్టింది. చివరికి ఒలిచే పనికి కేజీ లెక్క పెట్టినాము, ఎవరు ఒలిచింది వాళ్లకు. అందులో కరిపులికి ఒక రేటు, ఫ్లవర్‌కు ఒక రేటు. పండు ఆరిందా లేదా చూడటం, రకాలు వేరు చేయడం, బస్తా కుట్టకముందు చివరి చూపు చూడటం, ఈ పనులకు పూటకు ఇంత అని కూలి. ఆ పనులు తెలిసినవాళ్లు ఎవరైనా చేయవచ్చు, ఇప్పటికి తెలిసింది అవ్వలకే. పక్కన ఒక చిన్నామె కూర్చుని నేర్చుకోవాలని కూడా రాసినాము.

దీంతో అంతా సర్దుకుంది అని చెప్పను. కేజీ లెక్క వచ్చినాక ఒకామె, చాలా నిదానం మనిషి, ముందు ఏళ్ల కంటే తక్కువ తెచ్చుకుంటోంది. ఆమె పైకి ఏమీ అనదు. నేను లెక్క రాసేటప్పుడు చూస్తానే. దీనికి ఏం చేయాలో మాకు ఇంకా తెగలేదు. మీలో ఎవరి యూనిట్‌లోనైనా మంచి పద్ధతి ఉంటే భోజనాల దగ్గర నాకు చెప్పండి.

ఈ సీజను సరుకు హిందూపురం పోయినప్పుడు నేను కూడా లారీలో పోయినాను. అదే ఆయన, అట్లే చెయ్యి పెట్టినాడు. ఎక్కువ బస్తాలు కరిపులి అన్నాడు, కొన్ని ఫ్లవర్ అన్నాడు. నల్లబడిన బస్తా ఒక్కటీ లేదు.

వేలిముద్రల సంగతి ఒకటి చెప్పాలి. ఏండ్ల తరబడి చింతపండు ఒలిస్తే పులుపుకు వేళ్ల తోలు అరిగిపోతుంది. మిషన్ మీద ముద్ర పడదు. బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీసుకోవాలన్నా, ఈకేవైసీ అన్నా, అవ్వలు మూడుసార్లు తిరిగి వస్తారు. ఆ రోజు కూలి పోతుంది. వీఓఏలు దయచేసి వాళ్లతో పాటు పోండి, కంటిపాపతోనో ఓటీపీతోనో అయ్యేట్టు చూడండి. చేతి గీతలు పని చేసే అరిగినాయి, వాళ్ల తప్పు కాదు.

బీమా, లోను గురించి కూడా అడిగినవాళ్లు చాలామంది. నాకు తెలిసినంత వరకు చెప్తాను. 436 రూపాయల జీవనజ్యోతి బీమాలో 50 ఏండ్ల లోపల చేరాలి, 55 వరకే కొనసాగుతుంది. అది అవ్వలకు లేదు. కానీ 20 రూపాయల సురక్షా బీమా, ప్రమాదానికి 2 లక్షలు ఇచ్చేది, 70 ఏండ్ల వరకు ఉంది. అరవై అయింది కదా అని దాన్ని కట్టడం మానేసిన ఇండ్లు మా ఊర్లోనే ఎన్నో. ఏడాదికి 20 రూపాయలు! పొదుపు ఖాతాలో ఆ డబ్బు ఉంచండి, మే నెలలో కట్ అవుతుంది. లోను విషయంలో బ్యాంకులో ఒక మేనేజరు ‘వయసు ఎక్కువ ఉన్నవాళ్ల పేర్లు తీసి పట్టుకుని రండి’ అని మాతో అన్నాడు. సంఘం మొత్తం పూచీ ఉండి, ఒక్క కంతు తప్పకుండా కట్టిన మనిషి పేరు తీసేది ఎట్ల? తీయలేదు. మూడుసార్లు తిరిగినాము, ఆఖరుకు ఇచ్చినాడు.

వృద్ధులకు ప్రత్యేకంగా సంఘాలు పెట్టుకునేదానికి జాతీయ జీవనోపాధుల మిషన్ నిబంధనల్లోనే వీలుంది. మామూలు సంఘానికి పది మంది కావాలి, అట్లాంటి ప్రత్యేక సంఘాల్లో ఆడ మగ కలిసి కూడా ఉండవచ్చు. 2025 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం కూడా మహిళా సంఘాల్లో 60 దాకా ఉన్న వయసును 65కు పెంచాలని నిర్ణయించింది. ఎప్పుడో ఒకప్పుడు మన దగ్గర కూడా అడుగుదాం. అయితే నా మటుకు నాకు వేరే సంఘం పెట్టడం కంటే కలిసి ఉండటమే మంచిదనిపిస్తుంది. వేరే పెడితే పండు నొక్కి చూడటం చిన్నవాళ్లకు ఎవరు నేర్పుతారు?

ఇంకొక సంగతి, ఇది కొంచెం కష్టంగా ఉంటుంది. ఐదుగురిని పిలిస్తే నలుగురే వచ్చినారు. బెంగళూరు పోయి వచ్చినామె రాలేదు. ‘చాలమ్మా, పదేళ్ల పిల్లప్పటి నుంచి చేస్తానే ఉండా. ఇంక కూర్చుంటా’ అనింది. వాళ్ల కొడుకు నా దగ్గరకు వచ్చి, ‘మా అమ్మను కూడా తీసుకోండి, ఊరికే ఇంట్లో ఉంది’ అన్నాడు. నేను తీసుకోను అని చెప్పినాను. ఆమె అడిగితే ఎప్పుడైనా జాగా ఉంటుంది, నువ్వు అడిగితే లేదు అన్నాను. ఆయన కోపం చేసుకున్నాడు, ఇప్పటికీ మాట్లాడడు. ఎక్కువ కాలం పని ఉండాలి అని మేము అనేది కావాలన్నవాళ్లకు. ముసలితనంలో కూడా గొడ్డులాగా పని చేయించేదానికి ఈ మాటను ఎవరైనా వాడుకుంటే సమాఖ్య ఒప్పుకోకూడదు. అందుకే కూలి ఎవరిది వాళ్ల ఖాతాలోనే వేస్తున్నాము. ఒకామె ఏటీఎం కార్డు కొడుకు జేబులో ఉందని తెలిసి, ఆమెను తీసుకుపోయి పిన్ను మార్పించినాము. పిన్ను గుర్తుండాలి కదా అంటే, సంఘంలో చేరిన ఏడాది పెట్టుకుంది!

సమాఖ్య కార్యవర్గాన్ని నేను అడిగేది రెండు. మన మండలంలో ఎన్ని యూనిట్లు మా మాదిరి తీర్మానాలు రాసుకున్నాయో పుస్తకాలు తెప్పించి చూడండి. ‘విశ్రాంతి నిమిత్తం’ అని ఉంటే ఆ మనిషిని పిలిచి అడగండి, నిజంగా విశ్రాంతి కావాలని నువ్వే అడిగినావా అని. రెండోది, యూనిట్లకు ఇచ్చే సామాన్ల లోనులో బల్లలకు, లైట్లకు, మరుగుదొడ్డికి కూడా డబ్బు ఇవ్వండి. మిషన్లకు మాత్రమే ఇస్తామంటే మోకాళ్ల నొప్పికి మిషను లేదు కదా.

రద్దు చేసిన తీర్మానం కింద మొదటి సంతకం పెద్దత్త చేత పెట్టించాలనుకున్నాము. ఆమె ఒప్పుకోలేదు. ‘రాసినామె ముందు పెట్టాల’ అనింది. నేను పెట్టినాను, దాని కింద ఆమె పెట్టింది. ఇప్పుడు షెడ్డులో తలుపు దగ్గర కూర్చుంటుంది. ఆమె పక్కన ఇంటర్ చదివిన అమ్మాయి ఒకతె కూర్చుని, ఏ బస్తాకు ఎన్ని ఎండలు పట్టినాయో నోటుబుక్కులో రాసుకుంటోంది. పెద్దత్త ఆ పిల్లను కూడా తిడుతుంది, రాసేది తర్వాత, ముందు నొక్కి చూడు అని.

వచ్చే సీజనుకు షెడ్డు సంక్రాంతి తర్వాత తెరుస్తాము. చూడాలనుకున్న యూనిట్లవాళ్లు పొద్దున ఆరు, ఏడు గంటలకు రండి, అవ్వలు ఉండేది అప్పుడే. వచ్చేటప్పుడు మీ ఊరి అవ్వను ఒకామెను కూడా తోలుకొని రండి.